ముప్ఫై పసుపు టోపీలు

ఆ ఉదయం గైడు అనుకున్నది ఒక్కటే: ముప్ఫై మందికి సముద్రతీరమంతా చూపించి, ముప్ఫై మందినీ వెనక్కి తేవడం. పోయిన నెల ఒకాయనను కోట దగ్గరే మరిచి వచ్చినందుకు మేనేజరు ఆఖరి హెచ్చరిక ఇచ్చాడు. పైగా ఇవాళ్టి ముప్ఫై మందిలో అత్తగారూ ఉన్నారు.

"మా అమ్మకేమన్నా అయిందో, మీరు ఇంటికి రానక్కర్లేదు" అని భార్య గుమ్మంలోనే చెప్పేసింది.

అందరికీ పసుపు టోపీలు పెట్టించాడు. మొహాలు చూసే అలవాటు అతనికి లేదు. టోపీలు లెక్కపెడతాడు, బస్సు పక్కన రెండు దెబ్బలు కొడతాడు, డ్రైవరు బండి కదిలిస్తాడు. పదేళ్ళుగా అదే పద్ధతి.

ఆఖరి మజిలీ లైట్‌హౌస్. అక్కడ లెక్కపెడితే టోపీలు ఇరవై తొమ్మిదే తేలాయి. మళ్ళీ లెక్కపెట్టాడు. ఇరవై తొమ్మిదే.

"అదిగో, రాళ్ళ కింద నీళ్ళలో టోపీ!" అని ఎవరో కేక వేశారు.

కర్రతో లాగి చూస్తే లోపల రెండు పిన్నీసులు. టోపీ నిలవడం లేదని పొద్దున అత్తగారు గుచ్చుకున్నవే. గైడుకు పైప్రాణాలు పైనే పోయాయి. తిరిగి చూడకుండా ఈల వేశాడు. ఈల విని కాపలావాళ్ళు పడవ దించారు. పడవను చూసి మరో రెండు బస్సుల జనం దిగారు.

"ముగ్గురు మునిగారట!"

"కాదండీ, పడవే మునిగిందట!"

అంతలో ఫోన్ మోగింది. భార్య.

"అమ్మ ఏం చేస్తోందండీ?"

"అలలు... అలలు చూస్తున్నారు."

ఫోన్ పెట్టేసి అక్కడే కూలబడ్డాడు. నాలుక పిడచకట్టుకుపోయింది. ఉద్యోగం పోతే పోనీ, ఆ గుమ్మం ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి.

ఎవరో వీపు నిమిరి నీళ్ళ సీసా అందించారు. గటగటా తాగాడు.

"పాపం, ఎవరు కన్న బిడ్డో! మీరు గుండె దిటవు చేసుకోండి, అల్లుడుగారూ."

సీసా చేతిలోంచి జారిపోయింది. ఎదురుగా అత్తగారు, టోపీ లేని తలతో, కళ్ళు తుడుచుకుంటూ.

"మీ... మీ టోపీ?"

"గాలికెగిరిపోయింది. పోతే పోయిందిలే అని ఊరుకున్నాను."

గైడు ఆవిడ చేతులు పట్టుకుని భోరుమన్నాడు. సంగతంతా విన్నాక అత్తగారు నిట్టూర్చారు.

"టోపీలు కాదు బాబూ, తలలు లెక్కపెట్టాలి. మీరెళ్ళి పడవవాళ్ళకి సర్దిచెప్పుకోండి. లెక్క నేను చూస్తాను."

ఆవిడ అందరినీ బస్సెక్కించి, తనతో మొదలుపెట్టి ఒక్కొక్క ప్రయాణికుడి తలనూ ముట్టుకుని మరీ లెక్కపెట్టారు. సరిగ్గా ముప్ఫై. తృప్తిగా తలుపులోంచి చెయ్యి చాపి బస్సుకు రెండు దెబ్బలు కొట్టారు.

గంట తర్వాత భార్య మళ్ళీ ఫోన్ చేసింది.

"అమ్మ క్షేమంగా వచ్చేసిందండీ! ఒక్కరూ తప్పిపోలేదని మీ మేనేజరు తెగ మెచ్చుకున్నాడట. ఇంతకీ మీరెక్కడ?"

లైట్‌హౌస్ మెట్ల మీద ఒంటరిగా కూర్చున్న గైడు ఖాళీ రోడ్డు వైపు చూసి, సముద్రం వైపు తిరిగాడు.

"అలలు చూస్తున్నాను."

ఈసారి అది అబద్ధం కాదు.