సోఫా మీద పద్దెనిమిది గుంటల హనీమూన్

కొత్త దంపతులారా, హనీమూన్ టికెట్లు కొని ఉంటే వెంటనే రద్దు చేసుకోండి! పెళ్లై నలభై రోజులైన అనుభవంతో చెబుతున్నాను. ప్రపంచమంతా తిరగడానికి కావలసినవి ఒక సోఫా, ఒక టీవీ, గోల్ఫ్ వీడియో గేమ్ ఆడే ఒక భర్త. అంతే!

ఏదో ఊహించి గీసిన బొమ్మల మైదానాలు అనుకునేరు. నిజంగా ఎక్కడెక్కడో ఉన్న గోల్ఫ్ మైదానాలనే చెట్టూ పుట్టాతో సహా కొలిచి అందులో పెట్టారట. సోమవారం సముద్రం ఒడ్డున ఆడాం. మంగళవారం కొండ మీద. బుధవారం ఆయన బంతి చెరువులో పడింది. ఆ కంగారులో నా బిస్కెట్టు టీలో మునిగింది.

ఆడాం అంటే, ఆయన ఆడారు, నేను ఊపిరి బిగబట్టాను. బంతి కొట్టేటప్పుడు చప్పుడు చేయకపోవడం గోల్ఫ్ మర్యాద కదా! మిక్సీ వేయకూడదు. తుమ్ము వస్తే బాల్కనీలోకి పరిగెత్తాలి. కుక్కర్‌కే ఈ మర్యాద తెలియదు. సరిగ్గా ఆఖరి దెబ్బకి విజిల్ వేసింది.

“అయ్యో, పోయింది! కాస్త ఆగమని చెప్పొద్దూ దానికి?” అన్నారాయన.

“చెప్పానండీ. అదీ మీలాగే వినలేదు.”

అత్తగారు ఫోన్ చేశారు. “ఎక్కడికైనా తిరిగొస్తున్నారా అమ్మా?”

“మొన్న సముద్రానికి, నిన్న కొండకి వెళ్లాం అత్తయ్యా.”

“కొండ మీద చలేస్తుందే! వాడు స్వెట్టర్ వేసుకున్నాడా?”

“లేదత్తయ్యా. ఫ్యాను ఆపేశాం.”

ఇక జ్ఞానం సంగతి! బంతిని పడేయాల్సిన ఏడో గుంట దగ్గర నేల ఎటు ఎంత వాలిందో ఆయనకు కంఠతా వచ్చు. మా వంటింట్లో పంచదార డబ్బా ఎక్కడుందో మాత్రం తెలియదు. ఒక్క మనిషి ఎన్నని గుర్తుపెట్టుకుంటాడు చెప్పండి? పైగా, గెలిచినప్పుడల్లా సోఫా మీంచి గెంతి నన్ను గిరగిరా తిప్పేస్తారు. అంతటితో నేను అలిగి కూర్చున్నానన్న సంగతి నాకే గుర్తుండదు!

మా వీధి చివర ఒక చిన్న పార్కు ఉంది. నాలుగు నిమిషాల నడక. పెళ్లైన మూడో రోజున “రోజూ సాయంత్రం అక్కడికి వెళ్దాం” అన్నది ఆయనే. “ఈ ఒక్క గుంట అయ్యాక” అన్నదీ ఆయనే. మొత్తం గుంటలు పద్దెనిమిదని అప్పుడు నాకేం తెలుసు?

తప్పు ఆయనది కాదండీ, పార్కుది. అది గేమ్‌లో లేదు!

అందుకే నిన్న కుట్టు పెట్టెలోని టేపు పట్టుకెళ్లి నేనే కొలిచాను. గడ్డి బాగానే ఉంది. గోల్ఫ్ మైదానంలో ఉండాల్సిన ఇసుక గుంట కూడా సిద్ధంగా ఉంది, పిల్లలు తవ్వి పెట్టారు. బెంచీ ఒక్కటే. దాని ఎడమ కాలు పొట్టిది. కుడివైపు కూర్చున్నవాళ్లు ఎంత బిగుసుకున్నా మెల్లగా ఎడమవైపుకి జారాల్సిందే. ఆ కొలతలన్నీ రాసి, కింద ఈ మనవి చేర్చి గేమ్ కంపెనీకి పంపాను:

అయ్యా, మా పార్కునీ దయచేసి మీ గేమ్‌లో చేర్చండి. అసలుది ఎలా ఉందో చూద్దామనైనా మా ఆయన ఒక్కసారి వస్తారు. బెంచీ వాలు మాత్రం సరిచేయకండి. నేను ముందే వెళ్లి ఎడమవైపు కూర్చుంటాను.