తల్లిపాల మిషనుకు టెంకాయ

"ఇక మీదట హిందూపురం మొదలుకొని ధర్మవరం దాకా ఒక్క చుక్క తల్లిపాలు కూడా వృథాగా పోవడానికి వీల్లేదు. ఇది ప్రభుత్వ నిర్ణయం!"

హిందూపురం ట్రావెలర్స్ బంగళా మెట్ల మీద నిలబడి మంత్రి ఎర్రిస్వామిగారు ఈ చారిత్రాత్మక ప్రకటన చేసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. అది రెండు వేల రెండు, జులై నెల. విలేకరులందరం చప్పట్లు కొట్టాం. ఉగ్గాని, బజ్జీ కూడా అప్పుడే వచ్చాయి.

పాల గురించి మాట్లాడే అర్హత మన రాష్ట్రంలో ఎవరికైనా ఉందంటే ఆయనకే ఉంది. మంత్రి కాకముందు ఎర్రిస్వామిగారు ముదిగుబ్బలో పాల సొసైటీ ప్రెసిడెంటు. బర్రె నడక చూసి అది పూటకెన్ని లీటర్లిస్తుందో చెప్పేవారట. మిగతా మంత్రులు పెన్ను పెట్టుకునే జేబులో ఆయన లాక్టోమీటరు పెట్టుకుంటారు. పాలల్లో నీళ్ళు కలిపితే పట్టిచ్చే గాజు గొట్టం అది. పెళ్ళిళ్ళకు వెళ్ళినా సరే, కాఫీ కలపకముందు పాలు తెప్పించి అందులో ముంచి చూస్తారు. ఆయన్ను పెళ్ళికి పిలవడం జనం తగ్గించారు కానీ ఆయన మాత్రం నియమం తప్పలేదు.

ప్రకటనకు కారణం ఒక మిషను. ఏదో విదేశీ సంస్థ దానంగా పంపింది. దాని గరాటును రొమ్ముకు పెట్టుకొని స్విచ్చి వేస్తే చాలు, పాలు మెల్లగా లాగి సీసాలోకి దింపుతుంది. చప్పరించే శక్తి లేని పసిగుడ్డులకు ఆ పాలు ఉగ్గుగిన్నెతో పట్టొచ్చు. మిషను ఒకటే, ఊళ్ళు మూడు. పెద్ద ఊరు మాది కాబట్టి మాకివ్వాలన్నారు హిందూపురం వాళ్ళు. మగ్గం గుంటలో దిగిన ఆడది బిడ్డ ఏడ్చినప్పుడల్లా లేచి రాలేదు, పాలు పిండి పెట్టిపోతే అవ్వలైనా తాపుతారు, మాకివ్వండి అన్నారు ధర్మవరం వాళ్ళు. వాళ్ళ మాటలో న్యాయం ఉంది కాబట్టి వాళ్ళకు ఇవ్వలేదు. మధ్యలో ఉంది కదా అని పెనుకొండకు ఇచ్చారు. నేను పెనుకొండ విలేకరిని. మా ఊరికి ఏదైనా వచ్చిందంటే ఇట్లా మధ్యలో ఉన్నందుకు వచ్చిందే.

మిషను పెనుకొండలోని గంగాబాయి ప్రసూతి ఆస్పత్రిలో దిగింది. పెద్ద డాక్టరుగారు దాన్ని తన గది బీరువాలో పెట్టి తాళం వేశారు. పెట్టెకు ఎర్ర రిబ్బను కూడా కట్టించారు.

నేను వార్త కోసం వెళ్ళేసరికి ఆ గది ముందర ఒక ముసలామె నిలబడి ఉంది. పేరు రహమత్‌బీ. ఆమె కూతురు షహీన్‌కు తొలికాన్పు, నెలలు నిండకుండానే అయిపోయింది. మగబిడ్డ. అరచేతిలో పట్టేంత ఉన్నాడు. నోరు తెరుస్తాడు కానీ చప్పరించలేడు. పాలు లాగేవాడు లేక షహీన్ రొమ్ములు రాళ్ళలా గట్టిపడిపోయాయి, చలిజ్వరం పట్టుకుంది. చెయ్యి పెడితే ప్రాణం పోయినట్టు అరుస్తోంది. బిడ్డకేమో ఆ పాలే కావాలి, డబ్బాపాలు పడటం లేదని సిస్టర్ నిర్మల చెప్పింది. పాలు తల్లి దగ్గర, ఆకలి బిడ్డ దగ్గర, మిషను బీరువాలో ఉన్నాయి.

"సారూ, ఆ మిషనేదో ఒక్క పూట ఇయ్యండి. నా కూతురు సచ్చిపోతాండాది" అంది రహమత్‌బీ.

"ఇస్తామమ్మా. దాని కోసమే కదా తెప్పించింది" అన్నారు డాక్టరుగారు దయగా. "మంత్రిగారు రావాల, ప్రారంభించాల."

"ఎప్పుడొస్తాడు?"

"తల్లిపాల వారోత్సవాలు ఆగస్టు మొదటివారమే. కానీ ఆషాఢం నడుస్తాంది కదమ్మా. ఆషాఢంలో కొత్త వస్తువు యాడన్నా మొదలుపెడతారా?"

"మాకు ఆషాఢం లేదు సారూ."

"మీకు లేదమ్మా, మంత్రిగారికి ఉండాది" అన్నారు డాక్టరుగారు.

ఇలా ప్రపంచమంతా ఆగస్టు మొదటివారంలో జరుపుకొనే తల్లిపాల వారోత్సవాలను పెనుకొండలో శ్రావణానికి మార్చారు. ఆషాఢంలో కొత్తకోడలు అత్తగారింట్లో ఉండకూడదంటారు. ఆ లెక్కన షహీన్‌కు ఆ నెలలో పాలు రావడమే తప్పు. "సంప్రదాయానికి పెద్దపీట వేసిన మంత్రి" అని వార్త పంపాను. పత్రికలో ఫొటోతో సహా వేశారు.

ఈలోగా సిస్టర్ నిర్మల, రహమత్‌బీ కలిసి వేడినీళ్ళలో గుడ్డ ముంచి కాపడం పెట్టి, చేత్తో ఒత్తి, చుక్కాచుక్కా తీసి బిడ్డకు పోస్తూ వచ్చారు. ఒత్తినప్పుడల్లా షహీన్ దిండు కొరుక్కునేది. ఒక్కోసారి ఉగ్గుగిన్నె అడుగు కూడా తడిసేది కాదు. బిడ్డ బరువు తగ్గుతోంది. బీరువాలో మిషను మాత్రం క్షేమంగా ఉంది.

మొదటి శ్రావణ శుక్రవారం మంత్రిగారు వచ్చారు. ఏర్పాట్లన్నీ ఆయన బావమరిది రంగప్ప చూశాడు. రంగప్పకు ధర్మవరం రోడ్డులో సొంత డెయిరీ ఉంది. బావగారు పరాయి పాలన్నీ పరీక్షించడంలో తీరిక లేక ఆ డెయిరీ వైపు ఇంతవరకు వెళ్ళలేకపోయారు.

"మిషను ముందర కూచోడానికి ఒక తల్లి కావాల కదా" అన్నాడు రంగప్ప.

"షహీన్ ఉండాది. ఆ పిల్లకే అవసరం" అంది సిస్టర్ నిర్మల.

రంగప్ప వార్డులోకి తొంగిచూసి వచ్చాడు. "వద్దు సిస్టర్. ఆ బిడ్డ ఫొటోకు రాడు. చూస్తే కరువు గుర్తొస్తాది."

అందువల్ల పార్టీ మహిళా విభాగం అధ్యక్షురాలు ఆదెమ్మగారు తల్లిగా వ్యవహరించడానికి ఒప్పుకున్నారు. ఆమెకు మనవళ్ళున్నారు. త్యాగానికి వయసు అడ్డం కాదని ఆమె నాతో అన్నారు. బస్టాండు దగ్గర అరటిపండ్లమ్మే ఆమె బిడ్డను, బాగా బొద్దుగా ఉన్నవాణ్ణి, పూటకు అడిగి తెచ్చారు. మర్యాద కోసం తెల్ల తెర కట్టి ఆదెమ్మగారిని తెర వెనక కూర్చోబెట్టారు. గరాటు తెర వెనక, సీసా తెర ముందర. స్విచ్చి వేయగానే సీసాలో పాలు కనబడాలి కాబట్టి రంగప్ప తన డెయిరీ ప్యాకెట్టు ఒకటి కత్తిరించి అందులో ముందే పోసి పెట్టాడు. కరెంటు కోత వేళ కావడంతో షామియానా వాళ్ళ జనరేటరు పెట్టించాడు. ఇంత ముందుచూపు ఉన్న మనిషిని నేను చూడలేదు.

మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. మిషనుకు పసుపు రాసి కుంకుమ పెట్టారు. మిషను పెట్టిన బల్ల చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. చివరకు టెంకాయ తెచ్చారు.

"సార్, కరెంటు సామాను. నీళ్ళు పడకూడదు" అని సిస్టర్ నిర్మల ముందుకు వచ్చింది.

"ఏమ్మా, మేము లారీలకు కొట్టలేదా? బోర్లకు కొట్టలేదా?" అన్నారు మంత్రిగారు. మిషను నెత్తికే గురిపెట్టి కొట్టారు. టెంకాయ సరిగ్గా రెండు చెక్కలైంది, చాలా శుభం. నీళ్ళన్నీ మిషను పైనున్న సందుల్లోంచి లోపలికి దిగిపోయాయి.

స్విచ్చి వేశారు. మిషను గుర్రుమంది, దగ్గింది, కొంచెం పొగ వదిలింది, ఆగిపోయింది. మళ్ళీ లేవలేదు. సీసాలో పాలు మాత్రం తెల్లగా కనబడుతున్నాయి. జనం చప్పట్లు కొట్టారు.

"ఎంత వేగం చూసినారా!" అన్నారు మంత్రిగారు. ఆ ఉత్సాహంలో ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళింది. అలవాటు అలాంటిది. లాక్టోమీటరు తీసి సీసాలోకి వదిలారు. రంగప్ప రెండడుగులు ముందుకు వేశాడు కానీ అప్పటికే ఆలస్యమైంది.

మంత్రిగారి ముఖం నల్లబడింది. ఇంకోసారి ముంచారు. కళ్ళద్దాలు పెట్టుకొని చూశారు.

"నీళ్ళు!" అన్నారు.

ఆయన తెర వైపు తిరిగారు.

"సగానికి సగం నీళ్ళు! ఎవురమ్మా తెర ఎనక?"

"నేనే సార్, ఆదెమ్మని."

"పార్టీలో ఉండి నువ్వే నీళ్ళు కలిపితే ఎట్లమ్మా? జనం ఏమనుకుంటారు?"

"దేవుని మీద ఒట్టు సార్, నేను కలపల్యా!" ఆదెమ్మగారు ఏడుపు మొదలుపెట్టారు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు, కాబట్టి ఎవరూ నోరు మెదపలేదు. అందరం రంగప్పను చూశాం. రంగప్ప తిరగని ఫ్యానును చూస్తున్నాడు.

"కరువు కాలం కదా బావా. పాలు పల్చగానే ఉంటాయి" అన్నాడు.

"కరువుకూ కల్తీకీ తేడా తెలీదా నాకు?" మంత్రిగారు అక్కడికక్కడే ఆదేశాలు జారీ చేశారు. ఆస్పత్రిలో ఉన్న ప్రతి బాలింత పాలకూ శాంపిల్ తీయాలి, ల్యాబుకు పంపాలి, తప్పు చేసినవాళ్ళు ఎంతటి తల్లులైనా వదిలేది లేదు.

మంత్రిగారి వెంట వచ్చిన ఆహార కల్తీ ఇన్‌స్పెక్టరు సీసాలు పట్టుకొని వార్డులోకి నడిచాడు. ఈ మాట ముందే పాకడంతో బాలింతలందరూ బిడ్డలను రొమ్ముకు వేసుకొని కొంగు కప్పేసుకున్నారు. బిడ్డ కడుపులోకి పోయిన పాలకు చట్టం వర్తించదు. బయట దొరికిన పాలు ఒక్కటే, షహీన్ మంచం మీద ఉగ్గుగిన్నెలో. తెల్లవారినప్పటి నుంచి కాపడం పెట్టి తీస్తే ఆ రోజే మొదటిసారి గిన్నె సగానికి వచ్చింది. రహమత్‌బీ బిడ్డను ఒళ్ళో పెట్టుకొని పోయబోతోంది.

ఇన్‌స్పెక్టరు గిన్నె అందుకున్నాడు.

"ఇవి నా బిడ్డవి!" అంది షహీన్ లేచి కూర్చొని. "ఇడిసిపెట్టన్నా! వాడు రేత్తిరి నుంచి ఏమీ తాగల్యా!"

"రూలమ్మా ఇది. ఏమీ అనుకోవద్దు" అని అతడు ఆ పాలను మూడు సీసాల్లోకి సమానంగా పోశాడు. మూడు భాగాలు చేయాలని రూలు. చెడిపోకుండా ఒక్కోదానిలో ఫార్మలిన్ చుక్కలు వేసి లక్కసీలు కొట్టాడు. చాలా నీటుగా చేశాడు. పని చేతనైన ఉద్యోగి. నాకు మాత్రం అతని గొంతు పట్టుకోవాలనిపించింది. కానీ నా చేతిలో పెన్ను ఉంది, పక్కన మా ఫొటోగ్రాఫర్ ఉన్నాడు.

రహమత్‌బీ గోలకు మంత్రిగారు వార్డులోకి వచ్చారు. వెనకాలే పార్టీ అంతా వచ్చింది.

"ఏమైందమ్మా? ఎందుకేడుస్తాండావు?"

షహీన్ నోరు తెరిచేలోపు రంగప్ప అందుకున్నాడు. "బిడ్డకు పాల్లేవంట బావా."

మంత్రిగారి కళ్ళు చెమ్మగిల్లాయి. మెత్తని మనిషి. "పాల్లేవా? నేనుండగా, నా జిల్లాలో ఒక బిడ్డకు పాల్లేవా? ఒరే రంగా, వ్యానులో ఏముండాయో చూడు!"

వ్యానులో ఏముంటాయి, రంగప్ప డెయిరీ ప్యాకెట్లే. రెండు తెచ్చారు. మంత్రిగారు వంగి వాటిని షహీన్ చేతుల్లో పెట్టారు. "ఇటు చూడండి సార్" అన్నాడు మా ఫొటోగ్రాఫర్. ఫ్లాష్ మెరిసింది.

ఆ వెలుగుకు ఉలిక్కిపడ్డాడో, ఆకలికి తాళలేకపోయాడో, రహమత్‌బీ ఒళ్ళో బిడ్డ కెవ్వుమన్నాడు. పుట్టినప్పటి నుంచి పిల్లికూనలా మూలిగినవాడు, వార్డు దద్దరిల్లేలా ఏడ్చాడు. షహీన్ చేతుల్లోంచి ప్యాకెట్లు జారిపోయాయి. ఆమె ముఖం ఒక్కసారిగా మారిపోయింది. ఇన్నాళ్ళు రాయిలా బిగుసుకున్న రొమ్ములు చేపాయి. రవిక తడిసి, పైట తడిసి, పాలు ఒళ్ళోకి కారిపోతున్నాయి. మా ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ ఇంకోసారి మెరిసింది.

"అమ్మా, గిన్నె! గిన్నె పట్టు!" అని షహీన్ నవ్వుతూ ఏడుస్తూ అరిచింది.

"పోండప్పా, అందరూ బయటికి పోండి! సూసింది చాలు, దిష్టి తగులుతాది!" అని రహమత్‌బీ ప్రభుత్వాన్ని మొత్తం తలుపు దాకా తోసుకుంటూ వచ్చింది. మంత్రిగారు కూడా గబగబా నడిచారు. సిస్టర్ నిర్మల ఇన్‌స్పెక్టరు చేతిలోని గిన్నె లాక్కొని లోపలికి పరిగెత్తింది. తరవాత ఆమె బయటికి వచ్చి చెప్పింది, బిడ్డ గిన్నెడు తాగి, ఇంకా కావాలని నోరు తెరిచాడట. నాకు చాలా సంతోషం కలిగింది. అయితే అది వార్త కాదు కాబట్టి రాయలేదు.

"తల్లికి పాలిచ్చిన మంత్రి" అని రాసి, ఫిల్ముతో పాటు అనంతపురం బస్సులో పంపాను. సాయంత్రం పత్రిక డెస్కు నుంచి సబ్ ఎడిటరుగారి ఫోను వచ్చింది.

"ఏమప్పా, మీ పెనుకొండలో వాన పడిందా?"

"వానా? యాడిది సార్? మేఘం కూడా లేదు."

"మరి ఆ పిల్ల ముందర అంతా తడిసి ఉండాదే ఫొటోలో?"

అవి పాలు సార్ అనబోయాను. చెప్పేలోపే ఆయన ఫోను పెట్టేశారు.

మరుసటి రోజు జిల్లా పేజీలో ఫొటో చాలా పెద్దగా వచ్చింది. దాని కింద బాక్సు కట్టి ఇంకో చిన్న వార్త వేశారు: "మంత్రి ఎర్రిస్వామి అడుగుపెట్టగానే పెనుకొండలో చిరుజల్లులు. రైతుల్లో హర్షం."