ఇరవై ఏడు లీవ్ లెటర్లు

సాఫ్ట్‌వేర్ తయారుచేసే పెద్దమనుషులారా, నా పరువు తీసింది మీరే. ఏసీ గదుల్లో కూర్చుని, మగవాడి అబద్ధాన్ని ఒక్క నొక్కుతో భార్య ఫోనుకు చేరవేసే యంత్రం కనిపెట్టారు. అది చాలక, ఊరూరా తిరిగి దాన్ని జనానికి నేర్పే పని నాకే అప్పజెప్పారు.

నా సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. నేను ఏ కాలేజీలోనూ కంప్యూటర్ చదవలేదు. పుస్తకాలు అడిగి తెచ్చుకుని, కీబోర్డు మీద అక్షరాలు అరిగేదాకా కొట్టి నేర్చుకున్నాను. నెలలో ఇరవై రోజులు ఒక భుజాన లాప్‌టాప్, ఇంకో భుజాన హాబీ వేసుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతాను. హాబీలు ఆరు. ఫ్లూటు, వాటర్ కలర్లు, అగ్గిపెట్టె లేబుళ్లు, చెక్కబొమ్మలు, నక్షత్రాలు, పక్షులు. ఏడోది కూడా ఉండేది, డ్రమ్ము. పైవాటావాళ్లు ఇల్లు ఖాళీ చేస్తామన్నాక మానేశాను.

నా భార్యకు ఒక్కటే హాబీ. టేబుల్ టెన్నిస్. పెళ్లికి ముందు కాలేజీ చాంపియన్. ఏడేళ్లుగా ఆమె బ్యాటు నా టెలిస్కోపు కాలి కింద ఉంది, స్టాండు ఊగకుండా.

మొన్న శనివారం ఆమె మళ్లీ పోటీలో ఆడాల్సి ఉంది. మా మూడేళ్ల కవలలను నేను చూసుకోవాలి. వాళ్ల అసలు పేర్లు సర్టిఫికెట్లలో ఉన్నాయి. ఇంట్లో మాత్రం అబ్బాయి తుఫాను, అమ్మాయి వాయుగుండం.

చూసుకుంటానని మాట ఇచ్చాను. ఇచ్చాక, ట్రైనింగుకు వెళ్లిన ఊళ్లో చెరువు మీదికి ఎర్రముక్కు కొంగలు దిగాయని, ఆదివారానికల్లా ఎగిరిపోతాయని లాడ్జి వాచ్‌మన్ చెప్పాడు. నా బుద్ధి అక్కడ గడ్డి తిన్నది. గురువారం పొద్దున ఇంటికి ఫోన్ చేశాను.

“శనివారం కూడా క్లాసు పెట్టారు,” అన్నాను గొంతు నీరసంగా పెట్టి.

“ఎవరు పెట్టారు?”

“పైవాళ్లు.”

“మీరు ఎక్కడికెళ్లినా పైవాళ్లకి శనివారమే చదువు మీద మనసు పుడుతుందేమిటండీ?”

“నా చేతుల్లో ఏముంది చెప్పు.”

“బైనాక్యులర్లు ఉన్నాయా?”

“అవెందుకుంటాయి,” అన్నాను, మెడలో వేలాడుతున్నవాటిని చొక్కాలోకి తోసుకుంటూ.

“సరేలెండి. పేరు తీసేయమని చెబుతాను. నాకేం కొత్తా,” అంది.

అక్కడే నేను మనిషిగా ప్రవర్తించి ఉండాల్సింది. థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాను.

మధ్యాహ్నం క్లాసు. ఆ రోజు పాఠం లీవు పెట్టడం. ఉద్యోగి లీవ్ లెటర్ కొడితే పై అధికారి ఫోనుకు మెసేజ్ వెళ్తుంది. ఆయన ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, పక్కన రెండు ముక్కలు రాయవచ్చు. ఆ రాసింది మన తెర మీద పడుతుంది. మేము నేర్పేది ప్రాక్టీసు కాపీలో కాబట్టి మెసేజ్‌లు బయటికి పోవు. పోకూడదు.

తిని వచ్చిన ఇరవై ఆరుమందిలో సగంమంది కునుకు తీస్తున్నారు. వాళ్లను లేపాలని, ఉదాహరణకు ప్రాణం పోశాను. పేరు: మీ ట్రైనర్. రోజు: శనివారం. కారణం: కొంగలు చూడడం. అదనపు వివరాలు: క్లాసు పొడిగించారని ఇంట్లో చెప్పాను. క్లాసు గొల్లుమంది. పై అధికారి నంబరు అడిగింది యంత్రం. నాకు కంఠతా వచ్చిన నంబరు ప్రపంచంలో ఒక్కటే. కొట్టాను.

“నేను కొట్టింది కొట్టినట్టు మీరూ కొట్టండి,” అన్నాను. అందరూ కొట్టారు. నాదొకటి, వాళ్లవి ఇరవై ఆరు.

ఆ ఆఫీసు కంప్యూటర్లు చూసే కుర్రాడు, క్లాసు నిజంలా ఉండాలని ముందు రోజే మెసేజ్‌లు ఆన్ చేసిపెట్టాడట. క్లాసు మొదలుపెట్టేముందు అవి ఆఫ్‌లో ఉన్నాయో లేదో చూసుకోవాలని నేను అచ్చువేసి పంచిన కాగితంలో మొదటి లైనులోనే ఉంది. రాసింది నేనే. చదవంది కూడా నేనే.

గోడంత తెర మీద మొదటి జవాబు పడింది.

“తిరస్కరించడమైనది. కొంగలను అడిగానని చెప్పండి.”

తర్వాత వరసగా ఇరవై ఆరు తిరస్కరణలు.

“మేడమ్ చాలా స్పీడు సార్,” అన్నాడు స్టోర్సు గుమస్తా.

నేను చెమటలు తుడుచుకుంటూ కొట్టాను: “ఇది ఉత్త ప్రాక్టీసు.”

“ప్రాక్టీసు బాగా ఉంది. ఏడేళ్లుగా చేస్తున్నారుగా.”

“ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం. క్లాసు చూస్తోంది.”

“చూడనివ్వండి. నేర్పడానికే కదా వెళ్లారు.”

ప్రొజెక్టర్ వైరు పీకబోయాను. “తీయకండి సార్, ఇప్పుడే అర్థమవుతోంది,” అన్నారు వెనక బెంచీవాళ్లు.

అప్పుడు పెద్ద జవాబు వచ్చింది. “పోటీవాళ్లకు ఫోన్ చేసి నా పేరు తీసేయమన్నాను. మా ఆయనకు వదలలేని పని పడింది, పాపం నిద్ర కూడా లేదు అని చెప్పాను. మీ అబద్ధాన్ని నమ్మి, ఇంకో నలుగురిని నమ్మించాను.”

ఎవరూ నవ్వలేదు. ఇరవై ఆరుమంది తమ కీబోర్డుల వైపు చూసుకున్నారు. నాకు చూసుకోవడానికి చెప్పులు తప్ప ఏమీ మిగల్లేదు.

ముందు వరసలోంచి హెడ్ క్లర్కమ్మ లేచి వచ్చింది. వచ్చే ఏడాది రిటైరయ్యే మనిషి. “లే బాబూ,” అని నా కుర్చీలో కూర్చుని రెండు వేళ్లతో కొత్త లెటర్ కొట్టింది. కారణం: ఇంటి దగ్గర పిల్లలను చూసుకోవడం. అదనపు వివరాలు: తప్పు నాది.

“ఇది నొక్కితే వెళ్తుందా?” అంది.

“వెళ్తుందమ్మా.”

“అయితే నువ్వే నొక్కు.”

నొక్కాను. మూడు సెకన్లలో జవాబు.

“అనుమతించడమైనది. ప్రతి శనివారం.”

“ప్రతివారానికీ కలిపి ఇచ్చే బటన్ ఉందా సార్ ఇందులో?” అన్నాడు స్టోర్సు గుమస్తా, నోట్సు రాసుకుంటూ.

ఉందట. నాలుగేళ్లుగా నేర్పుతున్నాను, నాకు తెలియదు. మా ఆవిడ పది నిమిషాల్లో కనిపెట్టింది.

హెడ్ క్లర్కమ్మ నన్ను అక్కడినుంచి కదలనివ్వలేదు. క్లాసు ముందే పోటీవాళ్లకు ఫోన్ చేయించింది. నేను నసుగుతూ విషయం చెప్పాను.

“ఆవిడ పేరు మేం తీయలేదండీ,” అన్నాడు అవతలి మనిషి. “భర్తలు ఊళ్లో లేరని ఇలాంటి ఫోన్లు ప్రతిసారీ వస్తాయి. ఆఖరి రోజుదాకా ఆగడం మాకు అలవాటు.”

అలవాటట. ఆ మాట చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది.

శనివారం తుఫానూ వాయుగుండమూ ఒకేసారి తీరం దాటాయి. నా లేబుళ్ల ఆల్బమ్ బకెట్లో తేలింది. ఆమె మూడో రౌండులో ఓడిపోయి, ముఖమంతా ఎర్రబడి, తనలో తనే నవ్వుకుంటూ వచ్చింది. ఆ నవ్వు నేను ఏడేళ్లలో చూడలేదు. అది ఎక్కడికి పోయిందని కూడా ఎప్పుడూ అడగలేదు.

సాఫ్ట్‌వేర్‌వాళ్లను తిట్టడం ఇక ఆపుతున్నాను. ఇప్పుడు మీతోనే నా పేచీ, హాబీలున్న మొగుళ్లారా. ఈ సాయంత్రమే ఇంటికెళ్లి, పెళ్లికి ముందు ఏం చేసేదానివని మీ ఆవిడను అడగండి. “ఏమో, మర్చిపోయాను” అంటుంది. నమ్మొద్దు. మళ్లీ అడగండి. ఏ రోజు కావాలో చెప్పించుకుని, ఆ రోజున పిల్లలతో ఇంట్లో మీరు కూర్చోండి.