నాలుగో అంతస్తు నీడలో పుదీనా

పక్కింటివాళ్లు మీ ఇంటికి ఎండ రాకుండా ఇంకో అంతస్తు లేపితే మీరేం చేస్తారు? మున్సిపల్ ఆఫీసుకు పోతారు. పొరపాటు! పూలదండ పట్టుకుని పక్కింటికి పోవాలి.

మాది ఉప్పుగూడ, రైలు పట్టాలకు దగ్గర. ఒక్క అంతస్తు ఇల్లు, దానిమీద మిద్దె. మిద్దె మీద ఖాళీ పెయింటు డబ్బాల్లో మా ఆవిడ స్వరూప పుదీనా, మెంతికూర, కరివేపాకు పెంచుతుంది. వాడగా మిగిలింది ఆరబెట్టి సీసాలకు ఎత్తుతుంది. మాకు దక్షిణాన ఉన్న ఇల్లు వేణుగోపాల్‌ది. పాల వ్యాపారం. మొదట రెండంతస్తులు ఉండేవి. పోయిన ఉగాదికి మూడోది, దసరాకు నాలుగోది లేచాయి.

ఆకు ఎండబెట్టడం గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఎండలో ఎండబెట్టకూడదు. ఎండ తగిలిన పుదీనా నల్లబడుతుంది, వాసన పోతుంది. దానికి నీడ కావాలి, గాలి కావాలి. పూత రాకముందే కోయాలి. కడిగి, నీళ్లు విదిలించి, ఆకులు తుంచి, పాత ధోవతి మీద ఒక్క పొరగా పరవాలి. వేళ్ల మధ్య నలిపితే పొడి కావాలి. వంగిందంటే ఇంకా తడి ఉన్నట్టే.

ఇన్నాళ్లూ ఈ నీడ కోసం మేం పడిన పాట్లు! ఇంట్లో పరిస్తే ఫ్యాను గాలికి ఆకంతా మంచం కిందికి పోయేది. మిద్దె మీద మంచం నిలబెట్టి దుప్పటి కట్టాం. దుప్పటి గాలికి ఎగిరి రైలు పట్టాల దాకా వెళ్లింది. చివరికి ఎండ జరిగినప్పుడల్లా ధోవతి పట్టుకుని నేనూ జరిగాను. రిపోర్టర్‌గా నాయకుల వెంట తిరిగినదానికంటే నీడ వెంట ఎక్కువ తిరిగాను.

ఇప్పుడా బాధ లేదు. నాలుగో స్లాబ్ పడ్డాక మా మిద్దె మీద పొద్దున నీడ, మధ్యాహ్నం నీడ, సాయంత్రం నీడ. షేడ్‌నెట్ అక్కర్లేదు. డ్రయ్యర్ అక్కర్లేదు. కరెంటు ఖర్చు లేదు. వంటింట్లో పట్టపగలు లైటు వేస్తున్నాం, అది వేరే పద్దు.

ఇతర లాభాలూ చెప్పాలి. ఉతికిన బట్టలు వెలిసిపోవడం లేదు. ఆరడమూ లేదు, కానీ రంగు మాత్రం అలాగే ఉంది. వడియాలు పెట్టే పని తప్పింది. ట్యాంకులో నీళ్లు వేడెక్కడం లేదు. నాకు విటమిన్ డి తగ్గిందని డాక్టరు వారానికో మాత్ర రాశాడు. ఎండలో కూర్చునే టైమంతా మిగిలింది!

ఇక నిల్వ. ఎండిన ఆకును ముందే పొడి చేయకూడదు. ఆకుగానే సీసాలో పెట్టి, వాడేటప్పుడు నలుపుకోవాలి. మర్నాడు సీసా లోపల చెమ్మ కనబడితే తీసి మళ్లీ ఆరబెట్టాలి. సీసాను స్టవ్‌కు దూరంగా, చీకట్లో ఉంచాలి. చీకటి కోసం ఇదివరకు అల్మారాలో జాగా వెతికేవాళ్లం. ఇప్పుడు ఇంట్లో ఎక్కడ పెట్టినా చీకటే.

అఫ్జల్‌గంజ్ వెళ్లి మూత గట్టిగా పట్టే సీసాలు తెచ్చాను. కడిగి, తుడిచి, వరుసగా పెట్టాను. అవి అలాగే ఉన్నాయి.

పోయిన నెలలో ఒక ఆదివారం వేణుగోపాల్ వచ్చాడు. చేతిలో మేమిచ్చిన పాత సీసా. ఎండాకాలం వస్తే వాళ్లమ్మ బుచ్చమ్మ మజ్జిగలోకి మా పుదీనాయే కావాలి. ఇంకెక్కడిదీ ఆమెకు నచ్చదు.

"వదినా, అమ్మ పుదీనా అడుగుతున్నది. మజ్జిగ నోటికి సప్పగున్నదని రెండ్రోజుల సంది ముడ్తలేదు."

స్వరూప ఆయన్ని మిద్దె మీదికి తీసుకెళ్లి డబ్బాలు చూపించింది. పుదీనా కాడలు వెలుతురు వెతుక్కుంటూ సాగాయి, ఆకు లేదు. మెంతి మొలిచి పడిపోయింది. కరివేపాకు చెట్టుకు కొమ్మలే మిగిలాయి.

"ఆరబెట్టనీకి నీడ మస్తున్నది తమ్మీ," అంది. "ఆకే లేదు."

వేణుగోపాల్ తలెత్తి తన గోడ చూశాడు. దానికి ప్లాస్టరింగ్ ఇంకా కాలేదు.

"గిట్లయితదని అనుకోలే వదినా."

"నువ్వెందుకు అనుకుంటవు? పైనుండెటోనివి. ఆ నాలుగో అంతస్తునే నంజుకొని మజ్జిగ తాగుమను అమ్మను."

ఆయన నవ్వాడు. తర్వాత డబ్బాలు ఒక్కొక్కటీ ఎత్తుకుని తన నాలుగంతస్తులూ ఎక్కాడు. లిఫ్టు లేదు. కరివేపాకు డబ్బాను మధ్యలో దించి, మెట్ల మీద కూర్చుని, వెనకే ఎక్కుతున్న స్వరూపను అడిగాడు.

"ఇందుల మట్టేనా వదినా, బండలు గిట్ట నింపినవా?"

ఇప్పుడు మొక్కలు ఆయన మిద్దె మీద ఎండకు పెరుగుతున్నాయి. పుదీనా చిగురు వేసింది. అక్కడ కోసిన ఆకు మా నీడలో ఎండుతుంది, సీసా బుచ్చమ్మకు చేరుతుంది. ఇరుగుపొరుగు అంటే ఇంతకంటే ఏం కావాలి?

ఇక్కడితో ఆపాల్సింది. కానీ నిన్న వేణుగోపాల్ ఇంటికి దక్షిణాన ఉన్న ప్లాటులో ఇసుక దిగింది. ఆరంతస్తులట. ఈ పొద్దున ఆయన మా గుమ్మంలో ఉన్నాడు.

"అన్నా, జర పేపర్ల రాయుండ్రి. మనిషి అన్నంక పక్కోని ఎండ గురించి సోంచాయించొద్దా? వానికి పర్మిషన్ రెండంతస్తులకే ఉన్నదట."

"నీకెన్నింటికి ఉండె వేణూ?"

"అది వేరే అన్నా. ఇప్పుడు నా బాధ పుదీనా గురించి."

రాస్తానని మాటిచ్చాను. మీరు ఇంతసేపూ చదివింది అదే.