పోలమ్మ నోరు మూసుకున్న శనివారం

ఆ శనివారం పొద్దున్న ఎంకన్న మనసు మహా హాయిగా ఉంది. మేకలపాక మీద చెరకాకు కొత్తగా కప్పాలి, తరవాత ఎండలో నడుం వాల్చాలి, అన్నిటికన్నా ముఖ్యం, ఒక్క మాట కూడా వినకుండా రోజు గడపాలి. మారిషస్ దీవిలో, పిటాన్ చెరకుతోటల కూలీల కాంపులో ఎంకన్నకు ఈ భాగ్యం ఈమధ్య శనివారాల్లోనే దక్కుతోంది. ఆ రోజు ఆయన భార్య పోలమ్మ మాట్లాడదు.

పోలమ్మ మాట్లాడకుండా ఉండడమే! పెళ్ళయిన ఇరవయ్యేళ్ళుగా తన మాటలూ ఆవిడే మాట్లాడింది, మొగుడి మాటలూ ఆవిడే మాట్లాడింది. తోట సర్దారుతో తగువైనా, కొట్టువాడితో బేరమైనా ఎంకన్న పక్కన నిలబడి తల ఊపేవాడు, అంతే. అలాంటిది, ఆ 1919లో ప్రపంచమంతా తిరిగిన పాడుజ్వరం ఓడెక్కి మారిషస్‌లో దిగింది. కాంపులో ఎందరినో ఎత్తుకుపోయి ఎంకన్నమీద పడింది. మొగుడు బతికితే ఐదు శనివారాలు తెల్లవారింది మొదలు దీపం పెట్టేదాకా నోరు విప్పనని పోలమ్మ సింహాద్రి అప్పన్నకు మొక్కుకుంది. మధ్యలో ఒక్క మాట జారినా ఇచ్చిన ప్రాణం స్వామి వెనక్కి తీసుకుంటాడని ఆవిడ భయం. ఈ సంగతి ఎంకన్నకు తప్ప ఎవరికీ తెలియదు. ఇవాళ్టిది ఆఖరి శనివారం.

ఎంకన్న నిచ్చెన ఎక్కాడో లేదో, ఇంటి ముందు గుర్రపుబండి ఆగింది. క్యూర్‌పైప్ పట్నం నుంచి వచ్చిన డాక్టరు మార్సెల్ దిగాడు. జ్వరం ఒంట్లోంచి పోయినా మనసులో తిష్ఠ వేస్తుందనీ, బతికి బయటపడ్డవాళ్ళు దిగులుతో మూగబోతున్నారనీ ఆయన పరిశోధన. తోటి డాక్టర్లు అది విని నవ్వుతున్నారు. ఆయన మాత్రం ఊరూరా తిరుగుతూ, మరీ కుంగిపోయినవాళ్ళను బండెక్కించి తన ఆసుపత్రికి తీసుకుపోతున్నాడు. మంచివాడే పాపం, తొందర కాస్త ఎక్కువ.

"అమ్మా, రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?" అని, పాక పక్కన పప్పు మెదుపుతున్న పోలమ్మను అక్కడి క్రియోల్ భాషలో అడిగాడు.

పోలమ్మ పెదాలమీద వేలు పెట్టుకుని, ఆ వేలే ఆకాశంవైపు చూపించి దండం పెట్టింది.

"అయ్యో! ఈవిడ చావు కోరుకుంటోంది," అన్నాడు డాక్టరు, బండి తోలే పియర్‌తో. తరవాత నిచ్చెన వైపు చూశాడు. "ఈమె మాట్లాడదా?"

ఎంకన్న బిగుసుకుపోయాడు. దొరలను మిస్యే అని పిలుస్తూ మాట్లాడడం పోలమ్మ పని. "నేదు, మిస్యే."

"మరి నీకు ఎలా ఉంది?"

ఎంకన్నకు అబద్ధం ఆడడం చేతకాదు. "బాగుంది, మిస్యే," అన్నాడు పళ్ళన్నీ బయటపెట్టి.

"మొగుడికీ సోకింది! పెళ్ళాం మూగబోతే నవ్వుతున్నాడు చూడు!"

పోలమ్మకు అరికాలిమంట నెత్తికెక్కింది. బాగుందిట! చేతిలోని పప్పుగుత్తి మొగుడిమీదకు విసిరింది. అది గురితప్పి డాక్టరు టోపీని ఎగరగొట్టింది. టోపీ వెళ్ళి మేక ముందు పడింది. మేక నమలడం మొదలుపెట్టింది. తప్పయిపోయిందని పోలమ్మ టపటపా చెంపలేసుకుంటూ మేక వెంట పెరడంతా పరుగెత్తింది.

"తనను తాను కొట్టుకుంటోంది, పియర్! బండి సిద్ధం చెయ్యి!"

కంచె అవతలినుంచి ఇదంతా చూసిన పొరుగావిడ అమ్మాయమ్మ, "ఓలమ్మో! పోలమ్మకి పూనకం వొచ్చేసినాది!" అని కేకలు పెడుతూ భజనగురువు జగన్నాథం ఇంటికి పరుగెత్తింది. ఆయన మద్దెలతో, తాళాలతో, ఇరవైమంది భక్తులతో దిగబడ్డాడు. వస్తూనే కడవెడు పసుపునీళ్ళు పోలమ్మ నెత్తిన గుమ్మరించాడు.

"తల్లీ, నీకేటి కావాల? నోరిప్పి సెప్పు!"

పోలమ్మ పళ్ళు బిగించింది. ఆవిడ నోరిప్పనికొద్దీ మద్దెల జోరందుకుంది. జ్వరం భయంతో నెలల తరబడి గుమిగూడని జనం, సందు దొరికిందే చాలని గుండ్రంగా తిరుగుతూ గంతులు వేశారు, ఏడ్చారు, పాడారు. ఇది మొక్కని ఎంకన్న నిచ్చెన దిగి గొణిగాడు, ఇంకో మూడు బండ్లు కావాలని డాక్టరు అరిచాడు గానీ ఆ మోతలో ఎవరికి వినబడుతుంది?

మొత్తానికి పియరూ మరో ఇద్దరూ కలిసి పోలమ్మను బండెక్కించేసరికి మధ్యాహ్నం వాలింది. పొద్దు గూకడానికి ఇంకా టైముంది. 'మొక్కు' అని ఒక్క ముక్క అంటే చాలు, దింపేస్తారు. పోలమ్మ ఆ ముక్క అనలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఎంకన్న వైపు చూసింది. కళ్ళవెంట నీళ్ళు బొటబొటా కారాయి. ఆ కన్నీళ్ళు చూసి ఎంకన్న గుండె చెరువైపోయింది.

"ఆపండెహె!"

మద్దెల టక్కున ఆగిపోయింది. ఎంకన్న బండి చక్రం ముందు అడ్డంగా పడుకున్నాడు.

"దానికి పిచ్చీ నేదు, పూనకమూ నేదు! నా పేణం కోసం మొక్కుకున్నాది, మిస్యే. దీపమెట్టీదాకా మాటాడదు. నాను సచ్చిపోతంటే రేత్రీ పగలూ పక్కన కూకుని కబుర్లు సెప్పింది. ఆ గొంతు పట్టుకునే నాను ఎనక్కొచ్చినాను. దాన్ని తీసుకెల్తే నన్ను తొక్కుకుని ఎల్లండి!"

అక్కడితో ఆగుతాడనుకున్నారు. ఆగలేదు. పడుకునే మాట్లాడాడు. జ్వరంలో పోయిన సన్యాసి అనే తన తమ్ముణ్ణి నలుగురూ కలిసి సాగనంపలేకపోయామన్నాడు, కళ్ళు మూస్తే వాడే కనబడుతున్నాడన్నాడు, తను ఎందుకు మిగిలాడో తెలియడం లేదన్నాడు. కాసేపటికి అమ్మాయమ్మ, "నాకూ నిద్దర పట్టదు, బావా," అని భోరుమంది. ఆవిడ తరవాత ఇంకొకరు, ఆ తరవాత మద్దెల కొట్టేవాడు. టోపీ పోయిన డాక్టరు బండి మెట్టుమీద కూలబడి నోరు తెరుచుకుని విన్నాడు. ఇన్నాళ్ళూ ఇంటింటికీ తిరిగి అడిగినా ఎవరూ చెప్పని మాటలివి.

పొద్దు గూకింది. జగన్నాథం పరుగున వెళ్ళి దీపం పెట్టాడు. పోలమ్మ బండి దిగి మొగుడి ముందు నిలబడింది.

"ఇన్ని మాటలు కడుపులో దాసుకుని, ఇరవయ్యేళ్ళు నన్నొక్కదాన్నే వాగిస్తావేటి, సచ్చినోడా!" అంటూ ఆయన్ని లేపి వాటేసుకుని ఏడ్చింది. మొక్కు తీరింది! మొగుడు దక్కాడు! కాంపు కాంపంతా ఈలలు వేసింది.

బండి ఖాళీగా క్యూర్‌పైప్ వెళ్ళిపోయింది. డాక్టరు ఇక ఎవరినీ మోసుకుపోలేదు. వారం వారం తానే ఆ పెరట్లోకి వచ్చి, జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడించాడు. నిద్ర పట్టనివాళ్ళకు మెల్లిగా నిద్ర పట్టింది. తోటి డాక్టర్లు నవ్వడం మానేసి ఎలా చేశావని అడిగారు. ఆ మొదటి సాయంత్రం బండెక్కేముందే ఆయన ఎంకన్నకు ఒకటే మందు చెప్పాడు, రోజూ కాసేపైనా నోరు తెరిచి మాట్లాడమని.

ఎంకన్న మందు విషయంలో లోటు చేసే మనిషి కాదు. మరుసటి శనివారం, ఏ మొక్కూ లేకపోయినా, పోలమ్మ చెవుల్లో దూది పెట్టుకుంది.