నీళ్ళు కూడా ముట్టని రచయిత్రి

ఆ పొద్దున మెహ్రీన్ పెట్టుకున్నది చిన్న పనే. సీరియల్లో ఈ వారం భాగం ముగించి, జగిత్యాల పోయేవాళ్ళెవరికైనా ఇచ్చి పంపాలి. సకల జనుల సమ్మెతో బస్సులు డిపోల్లోనే ఉన్నాయి. కోరుట్లలో ఎవరిని అడిగినా, "ఎక్కడికి పోతం మేడం, సమ్మె గదా" అన్నారు.

సిరిసిల్లలో పుట్టింట ఉన్నప్పుడు ఆమె రాసిన డిటెక్టివ్ సీరియళ్ళలో హత్యలకు కొదవ ఉండేది కాదు. జగిత్యాల వారపత్రిక సంపాదకుడు జలపతికి అవంటే ప్రాణం. నిరుడు పెళ్ళయి కోరుట్ల వచ్చాక, అత్త గుల్షన్ బీ పక్కన నిలబడి ఐదు పూటలా నమాజు చదవడం అలవాటయింది. ఆ నెమ్మది మెల్లగా కలంలోకీ దిగింది. కొత్త సీరియల్లో డిటెక్టివ్ నౌషాద్ దొంగను తరుముతూ తరుముతూ అజాన్ వినబడగానే ఆగి, నమాజుకు నిలబడ్డాడు.

"గట్లయితె దొంగ పారిపోతడు గదమ్మా!" అని జలపతి ఫోన్లో లబలబలాడాడు. "పాఠకులు ఉరుకుడు సూస్తరు గని, కూసునుడు సూస్తరా? సస్పెన్స్ సచ్చిపోతది. ఈసారి గూడ అండ్ల దేవుడస్తే సీరియల్ ఆపేస్త."

మెహ్రీన్‌కు రాత్రంతా మనసు మనసులో లేదు. తనలో ఉన్నది తన కథలో ఉండకూడదంటే ఇక రాయడం దేనికి? మొండికేసి ఈసారి డిటెక్టివ్ చేత ఏకంగా రోజా ఉంచింది. రంజాన్ ముగిసిన మరుసటి నెలలో ఇష్టమున్నవాళ్ళు ఉండే రోజాలు తనూ ఉంటోంది.

తీసుకుపోయే మనిషి దొరక్క, చివరికి ఫోన్ చేసింది. జలపతికి సులువుగా అర్థమవుతుందని రోజాను తెలుగు చేసి మరీ చెప్పింది.

"సార్, నేనే అక్కడికి అద్దామంటె ఉపవాసమున్న. ఎండకు చేతనైతలేదు."

"ఉపవాసమా? రంజాన్ అయిపాయె గదా!"

"ఇది నా అంతట నేను ఉంటున్న సార్."

"ఎప్పటిదాక?"

"అనుకున్నన్ని అయ్యేదాక."

సిగ్నల్ సరిగా లేదు. జలపతికి "అనుకున్నది అయ్యేదాక" అని వినిపించింది. అప్పుడాయన జగిత్యాల రిలే దీక్షా శిబిరంలో మైకు పక్కనే కూర్చుని ఉన్నాడు. వెంటనే మైకు అందుకుని, తమ రచయిత్రి కోరుట్లలో ఒంటరిగా ఆమరణ దీక్షకు దిగిందని చెప్పేశాడు.

మధ్యాహ్నానికి జలపతి ముందుండగా మోటారు సైకిళ్ళు గుంపుగా వచ్చి మెహ్రీన్ ఇంటి ముందు ఆగాయి. కొందరు షామియానా కట్టసాగారు. గుల్షన్ బీ బయటికొచ్చి బిత్తరపోయింది.

"ఎవలదయ్యా పెండ్లి?"

"నీ కోడలు దీక్షల ఉన్నదట గదమ్మా!"

"ఉపవాసమా? ఉన్నది. నేను గూడ ఉన్న."

"అత్తాకోడండ్లు ఇద్దరట!" అని ఎవరో అరిచారు. జై తెలంగాణ నినాదం వీధి చివరిదాకా పోయింది.

గుంపులోని డాక్టరు మెహ్రీన్ చెయ్యి పట్టుకుని నాడి చూశాడు.

"పొద్దటి నుంచి నీళ్ళన్న తాగినవా అమ్మా?"

"నీళ్ళెట్ల తాగుత సార్?"

ఈ మాట బయటికి పొక్కేసరికి జనం రెట్టింపయ్యారు. పెద్ద పెద్ద నాయకులే నీళ్ళు తాగుతూ దీక్ష చేస్తారు, ఈమె చుక్క ముట్టడం లేదట! మెహ్రీన్ అరుగు మీదికి వచ్చి గొంతు చించుకుంది. "అన్నా, నేను ఉన్నది దేవుని కోసం!"

"తెలంగాణనే నా దేవుడంటున్నది!" అని ముందు వరసలోని మనిషి వెనకవాళ్ళకు అందించాడు.

సాయంత్రానికి సిరిసిల్ల నుంచి ఆమె తండ్రి జానీమియా, మగ్గాల పనివాళ్ళను లారీలో వెంటబెట్టుకుని ఏడుస్తూ దిగాడు. "బిడ్డా, రాష్ట్రం ఇయ్యాల గాకుంటె రేపస్తది. నువ్వు మల్ల రావు! గిన్ని నీళ్ళు తాగు!"

"అబ్బాజాన్, ఇది రోజా!" అని ఆమె ఆయన చెవిలో చెప్పింది.

జానీమియా ఏడుపు టక్కున ఆగింది. వెనక్కి తిరిగి, దుమ్ము కొట్టుకుపోయిన మగ్గాలవాళ్ళ మొహాలు చూశాడు. "గింతమందిని తోలుకచ్చిన. ఇప్పుడు ఏ మొకం పెట్టుకొని చెప్పాలె?" అని గొణిగి, తనూ షామియానా కిందికి పోయి కూర్చున్నాడు.

పొద్దు గూకింది. మెహ్రీన్ ఖర్జూరం చేతిలోకి తీసుకుని కళ్ళు మూసుకుంది. జనం గమ్మునైపోయారు. ఆమె పెదవులు కదులుతున్నాయి. తింటుందా, తినదా? మసీదు నుంచి అజాన్ వినబడింది. ఆమె ఖర్జూరం తిని, గ్లాసెడు నీళ్ళు గటగటా తాగేసింది.

"రాష్ట్రమిస్తమని హామీ ఎవలిచ్చిన్రు?" అన్నాడు జలపతి నోరు తెరిచి.

పొద్దటి నుంచీ ఇప్పుడే ఆమె మాట వినబడేంత నిశ్శబ్దం దొరికింది. "హామీ కాదు సార్, ఇది రోజా. పొద్దు గూకితె ఇడుస్తం. తెలంగాణ కోసం దేవునికి దువా దినాం చేస్తున్న. గని రాత్రికి అన్నం తింట."

జనం మొహమొహాలు చూసుకున్నారు. కోపం రావలసిన క్షణమే అది. కానీ గుల్షన్ బీ వేడి వేడి మిరపకాయ బజ్జీల పళ్ళెంతో బయటికొచ్చింది. మెహ్రీన్‌తో పాటు మధ్యాహ్నం నుంచీ పస్తున్న వాళ్ళంతా పళ్ళెం మీదికి వంగారు. బజ్జీ నోట్లో పెట్టుకుని కోప్పడడం ఎవరి వల్లా కాలేదు. ముందు మగ్గాలవాళ్ళు నవ్వారు, తర్వాత వీధంతా నవ్వింది.

జలపతి చెయ్యి తుడుచుకుని మెహ్రీన్ దగ్గరికి వచ్చాడు. "అమ్మా, ఖర్జూరం పట్టుకొని నువ్వు ఆగినవ్ సూడు, నా గుండె ఆగినంత పనైంది. గా భాగం ఇటియ్యి."

"అండ్ల దేవుడున్నడు సార్."

"ఉండనియ్యి. వచ్చే వారం దొంగను గూడ రోజా ఉంచు."

మర్నాడు జగిత్యాల శిబిరంలో జలపతి కూడా నీళ్ళు ముట్టనని ప్రకటించి కూర్చున్నాడు, చాయ్ బండి వచ్చేదాకా.