దురాయి హాలెండుకు వర్తించదు

"ఈ క్షణం నుంచి మూడిళ్లకుప్పంలో దొంగసినిమా చూడడం నిషేధం! ఇది ఊరి దురాయి!"

ఊరిపెద్ద చిన్నపోలయ్య ఈ చారిత్రక ప్రకటన చేసేటప్పటికి ఆయన చేతిలోని ఫోను ఇంకా వేడిగానే ఉంది. సినిమా కంపెనీ మేనేజరు అప్పుడే శుభవార్త చెప్పి పెట్టేశాడు. నిరుడు పులికాట్ సరస్సు ఒడ్డున, ఆ ఊళ్లోనే, ఊరివాళ్లనే జనంగా నిలబెట్టి ఇరవై రోజులు తీసిన సినిమా వచ్చే శుక్రవారం విడుదల! సూళ్లూరుపేటలో కూడా ఆడుతుంది! "మీ ఊరివాళ్లయినా ఫోన్లలో దొంగకాపీ చూడకండి సార్, హాలుకొచ్చి చూడండి" అని మేనేజరు బతిమాలాడు. తనను 'సార్' అన్నవాడి కోసం చిన్నపోలయ్య ఏమైనా చేస్తాడు. అందుకని దురాయి వేశాడు.

దురాయి అంటే ఊరికట్టు. పోలీసు కేసుకు బెయిలుంది, కోర్టు కేసుకు వాయిదా ఉంది, దురాయికి ఆ రెండూ లేవు. తప్పినవాడికి సరస్సులో వల వేసే వంతు పోతుంది. మూడిళ్లకుప్పంలో ఇళ్లు తొంభై (పేరు పెట్టినప్పుడు మూడే ఉండేవట, ఆ తర్వాత లెక్క సరిచేసే తీరిక ఎవరికీ దొరకలేదు). రొయ్య బాగా పడే చోట్లు మాత్రం నాలుగే. ఏ రోజు ఎవరు ఏ చోట వల వేయాలో చీట్లు తీసి తేల్చుకుంటారు. వంతు పోయినవాడు మళ్లీ చీటీ వచ్చేదాకా ఒడ్డున కూర్చుని పక్కవాడి బుట్టలోకి తొంగిచూడాల్సిందే.

ఈ ప్రకటన విని ఊరంతటిలోకీ ఎక్కువ సంబరపడింది రోజారమణి. ఆమెకు పెళ్లయి నలభై రెండు రోజులు. సూళ్లూరుపేట పిల్ల, కంప్యూటర్స్‌తో బీఎస్సీ చదివింది. ఈ నలభై రెండు రోజుల్లో ఆమెకు సంబరం కలిగించని వస్తువు ఊళ్లో లేదు. సరస్సులో ఒంటికాలి మీద నిలబడి నిద్రపోయే కొంగలు సంబరం. మొగుడు ముఖేష్ వల మడతపెట్టేటప్పుడు పళ్లతో తాడు పట్టుకోవడం సంబరం. అత్త పిచ్చమ్మ కోడల్ని తిట్టబోయి, కొత్తపిల్ల కదా అని గుర్తొచ్చి, ఆ తిట్టును పక్కనే ఉన్న మేకకు బదిలీ చేయడం మరీ సంబరం. ఇప్పుడు వీటికి తోడు, పెళ్లయ్యాక మొదటి సినిమా! పైగా ముఖేష్‌కు సోమవారం వంతు వచ్చింది. నాలుగు చోట్లలోనూ మేలైన చోటు, ఆమె ఆ ఇంట్లో అడుగుపెట్టాక వచ్చిన మొదటి చీటీ. ఆదివారం సినిమా, సోమవారం రొయ్యలు! మనిషి జీవితానికి ఇంతకంటే ఏం కావాలో ఆమెకు తోచలేదు. ఫోన్లో రెండు టికెట్లు తీసేసింది.

శుక్రవారం పొద్దున సినిమా విడుదలైంది. మధ్యాహ్నానికి దొంగకాపీ ఊళ్లోకి వచ్చేసింది. రోజుకు రెండుసార్లే బస్సు వచ్చే ఊరు అది. గ్యాసు బండ రావాలంటే పది రోజులు, డాక్టరు రావాలంటే ఎన్నికలు రావాలి. దొంగకాపీకి మాత్రం మూడు గంటలు చాలాయి!

శనివారం పొద్దున్నే పక్కింటి చిట్టి వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"కోడలా, నువ్వు కంప్యూటర్ చదివినావు గదా. వీపీఎన్ అంటే ఏంది?"

"ఎందుకు పిన్నీ?"

"నాక్కాదులే. గూడూరులో మా చెల్లెలి ఆడబిడ్డ అడగమన్నిండాది. దొంగసినిమా దించుకునేటప్పుడు అది కచ్చితంగా ఉండాల్నా, లేకపోయినా ఫరవాలేదా అని. నాకు అట్టాటియ్యి తెలవవు."

చిట్టి వెళ్లగానే టీ అంగడి హజరత్తయ్య వచ్చాడు. ఊరి తీర్మానాలన్నీ నోటుపుస్తకంలో రాసేది కూడా ఆయనే కాబట్టి అదే పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. ఆయనకు కూడా అవసరం లేదు. నాయుడుపేటలో బామ్మర్ది అడిగాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ల తరఫున చిల్లకూరు వియ్యంకుడూ, చెన్నైలోని అన్నకొడుకూ అడిగారు. ఆ ఒక్క పూటలో మూడిళ్లకుప్పం బంధువులందరికీ, ఏ ఊళ్లో ఉన్నవాళ్లకు ఆ ఊళ్లో, ఒకే సందేహం పుట్టింది!

రోజారమణి అందరికీ ఒకే జవాబు చెప్పింది. వీపీఎన్ పెట్టుకుంటే నువ్వు ఏ ఊళ్లో ఉన్నావో అవతలివాడికి కనపడదు, అంతే. దొంగసరుకు దొరసరుకు అయిపోదు. వీపీఎన్ ఉన్నా లేకపోయినా చేసింది దొంగతనమే. పైగా ఆ ఫైలుతో పాటు ఏ వైరస్ దిగుతుందో దానికి పూచీ లేదు. "హాల్లో చూస్తే మాత్రం వీపీఎన్ అక్కర్లేదు" అని నవ్వుతూ ముగించింది. ఈ చివరి మాట దగ్గరికి వచ్చేసరికి ప్రతివాళ్లకూ ఏదో పని గుర్తొచ్చి లేచిపోయారు.

సాయంత్రం చిన్నపోలయ్య స్వయంగా వచ్చాడు. పిచ్చమ్మ పరుగున కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది.

"కోడలా, ఊరిపెద్దగా అడుగుతుండా. దొంగలు ఎట్టా దొంగతనం చేస్తారో తెలవకపోతే పట్టుకునేది ఎట్టా? అందుకని నా ఫోన్లో ఈ వీపీఎన్ పెట్టి చూసినా. పరిశీలనకే!"

"మంచిది పెదమామా."

"అది నొక్కితే ఏదో దేశం జెండా వచ్చింది. హాలెండంట. అంటే ఏంది, నేను ఇప్పుడు హాలెండులో ఉన్నట్టా?"

"అవతలోళ్ల లెక్కలో అంతే. మీరు మాత్రం మా కుర్చీలోనే ఉండారు."

చిన్నపోలయ్య రెండో మాట వినలేదు. కళ్లు అరమూసి, గడ్డం గోక్కుంటూ, పెద్ద పెద్ద న్యాయమూర్తులకు కూడా తట్టని ప్రశ్న వేశాడు.

"మన దురాయి ఎందాక చెల్లుతాది?"

"ఊరి పొలిమేర దాకా" అంది పిచ్చమ్మ. అది పుట్టి బుద్ధెరిగిన ప్రతివాళ్లకూ తెలిసిందే.

"హాలెండు మన పొలిమేరలో ఉండాదా?"

"లేదు సామీ."

"చాలు" అని లేచి వెళ్లిపోయాడు చిన్నపోలయ్య. పరిశీలన పూర్తయినట్టుంది. రాత్రికి ఊళ్లో తొంభై ఇళ్లలో ఎనభై తొమ్మిది హాలెండులో ఉన్నాయని రోజారమణికి తెలియదు. ఆమె మర్నాడు కట్టుకోబోయే చీరకు ఇస్త్రీ చేసుకుంటోంది.

ఆదివారం మ్యాట్నీలో వాళ్లిద్దరికీ సగం హాలు సొంతమైంది. ఏసీ చల్లగా తగులుతోంది, పాప్‌కార్న్ డబ్బా ఒడిలో ఉంది, తెర మీద తమ సరస్సు! తమ పడవలు! పిచ్చమ్మ బిందె ఎత్తుకుని అలా నడిచి వెళ్లింది! రోజారమణి ముఖేష్ చేయి గట్టిగా పట్టుకుని "అత్త! అత్త!" అని అరిచింది. ముందువరసవాళ్లు వెనక్కి తిరిగి, ఎవరో పాపం అత్తను చూసి భయపడిన కోడలు కాబోలు అనుకున్నారు.

ఆ సంబరంలోనే సాయంత్రం బస్సు దిగింది. ఎదురొచ్చిన చిట్టితో ఉండబట్టలేక అనేసింది.

"పిన్నీ, సినిమాలో పెదమామ ఎంత బాగుండాడో!"

చిట్టి బుగ్గన చేయి వేసుకుంది. సినిమా చూశామని నోటితో ఒప్పుకున్న మనిషి ఊళ్లో ఇప్పటిదాకా లేడు! అరగంట గడవకముందే వలలు బాగుచేసే పాకలో పంచాయితీ కూడింది. చిన్నపోలయ్య మధ్యలో కూర్చున్నాడు. హజరత్తయ్య నోటుపుస్తకం తెరిచాడు.

"సినిమా చూసినారా?"

"చూసినాం పెదనాయనా" అన్నాడు ముఖేష్.

"ఒప్పుకున్నాడు. రాసుకోండి."

"హాల్లో చూసినాం!" అంది రోజారమణి.

"హాల్లో మన ఊరోళ్లు ఎవురన్నా కనపడినారా?"

"ఒక్కరు గూడా లేరు."

"సాక్షి లేడు. రాసుకోండి. టికెట్టు ఉండాదా?"

"ఉండాది. ఇదో, ఫోన్లో."

పాకలో కలకలం రేగింది. చిన్నపోలయ్య చేయెత్తి అందరినీ ఆపాడు.

"ఇన్నారా! ఫోన్లో ఉండాదంట! ఫోన్లో ఉండేదాన్ని ఎవురన్నా హాల్లో చూస్తారా? సినిమా ఫోన్లో చూసినారని రాసుకోండి!"

హజరత్తయ్య రాసుకున్నాడు. ముఖేష్ ఒక అడుగు ముందుకొచ్చాడు.

"పెదనాయనా, రేపే నా వంతు. ఈ చీటీ కోసరం నాలుగు నెలలు కాచుకోనుండా."

"అందుకే గదరా తీర్పు ఈ పొద్దే చెబుతుండేది."

రోజారమణికి ఒళ్లు మండింది. అయినా గొంతు మెత్తగానే పెట్టి, ఆయన మనసు కరిగే మాట ఏదైనా చెబుదామనుకుంది.

"పెదమామా, మేం హాల్లోనే చూసినాం. మీరు వల ఇసిరేది పదకొండు సెకన్లు. జనం చప్పట్లు గూడా కొట్టినారు."

"పదకొండా?" చిన్నపోలయ్య కుర్చీలోంచి సగం లేచాడు. "ఆరే గదా! నేను వల ఇసరంగానే ఎవుడో బట్టతలోడు లేచి అడ్డం నిలబడ్డాడు గదా!"

"నా మొహం మీద గూడా ఆ బట్టతలే!" అంది చిట్టి ఆవేశంగా. "ఒక్క చెవి కనపడింది నాది!"

"నా టీ అంగడి బోర్డు మొత్తం వాడి తల కిందనే పోయింది" అన్నాడు హజరత్తయ్య, అలవాటు కొద్దీ అది కూడా పుస్తకంలో రాసేస్తూ.

"వాడు దగ్గినాడు గూడా!" అని వెనకనుంచి ఎవరో అందించారు.

"మేం చూసిన సినిమాలో బట్టతలోడే లేడే!" అంది రోజారమణి.

హాల్లో కూర్చుని ఎవడో దొంగచాటుగా ఫోనుతో తీసిన సినిమాలో, ఆ ఫోనుకు అడ్డంగా లేచి నిలబడ్డ ఒకానొక ప్రేక్షకుణ్ని మూడిళ్లకుప్పం ప్రజలందరూ చూశారు. చూడని ఇల్లు ఒక్కటే!

"అయితే పెదమామా, దురాయి ప్రకారం అందరి వంతులూ పోయినట్టే గదా? రేపు సరస్సంతా మా బావొక్కడిదే!"

జనం ఊరిపెద్ద వంక చూశారు. సంక్షోభంలోనే నాయకుడు బయటపడతాడు. చిన్నపోలయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"దురాయి మన పొలిమేర దాకానే చెల్లుతాది. నేను చూసింది హాలెండులో. చిట్టి యాడ చూసింది?"

"హాలెండులోనే సామీ!"

"హజరత్తయ్యా?"

"హాలెండే! చలి గూడా పెట్టింది!"

"అదీ క్రమశిక్షణ! ఊరి కట్టుబాటుకు భయపడి, అంత దూరం పోయి చూసినారు. వీళ్లిద్దరూ? వీపీఎన్ అన్నా లేకుండా, పట్టపగలు, నలుగురి మధ్యన కూర్చోని, తెగించి చూసినారు! దీన్ని సహిస్తే రేపు ఊళ్లో పిల్లోళ్లంతా ఇట్టనే తయారవుతారు. ముఖేష్ వంతు రద్దు. రాసుకోండి."

పిచ్చమ్మ నెత్తి కొట్టుకుంది. ఈసారి తిట్టడానికి మేక దగ్గర్లో లేదు. అందుకని కోడల్ని తిట్టబోయింది. సరిగ్గా అప్పుడే చిన్నపోలయ్య ఫోను మోగింది. మేనేజరు! ఆయన మర్యాద నలుగురికీ వినపడాలని ఊరిపెద్ద స్పీకరు పెట్టాడు.

"సార్! మీరు దురాయి వేశారని మా హీరోగారికి తెలిసి కళ్లనీళ్లు పెట్టుకున్నారు సార్! రేపు ఉదయం పది గంటలకు ఆయనే స్వయంగా వస్తున్నారు. 'దొంగసినిమా చూడని ఊరు' అని బోర్డు, మీకు పట్టుశాలువా, టీవీలవాళ్లు! మీరు చేయాల్సిందల్లా ఒకటే సార్. కెమెరా ముందు ఒక్కొక్కరూ హాలు టికెట్ చూపించాలి. కనీసం మీదన్నా!"

ఫోను పెట్టేశాక చిన్నపోలయ్య చాలాసేపు ఎవరి వంకా చూడలేదు. ఆ తర్వాత చూసింది రోజారమణి వంక. అంత ప్రేమగా ఆమెను కన్నతండ్రి కూడా చూసి ఉండడు.

"కోడలా, ఆ టికెట్టు ఫోన్లో ఉండాదంటివే, ఏదీ..."

"దోషుల టికెట్టు మీ చేతిలోనా పెదమామా? టీవీలో బాగుండదు."

"ఎవురు దోషులు? ఎవురన్నారమ్మా ఆ మాట? ఒరే ముఖేషూ, నీ వంతు నీదే!"

"రాసుకోండి హజరత్తయ్య మామా" అంది రోజారమణి.

హజరత్తయ్య రాసుకున్నాడు. ఆమె వంగి, ఆ వాక్యం చివర చుక్క పెట్టేదాకా చూసి, ఊరిపెద్ద వేలిముద్ర కూడా వేయించింది. అప్పటిదాకా భయంతో బిగుసుకున్న ముఖేష్ ముఖంలో నవ్వు మొదలైంది.

"మరి రేపు పది గంటలకు ఇద్దరూ ఈడనే ఉండాలమ్మా! ఫోను మర్చిపోబాకండి!" అన్నాడు చిన్నపోలయ్య.

"రేపు ఆయన వంతు గదా పెదమామా! తెల్లారకముందే ఇద్దరం పడవెక్కుతుండాం, పొద్దుగూకితే గానీ ఒడ్డుకు రాం" అంది రోజారమణి, మొగుడి చేయి పట్టుకుని పాక దిగుతూ. "ఫోను నాతోనే తీసుకుపోతుండా. మా బావ వల ఇసిరేది నేను పూర్తిగా వీడియో తీయాల!"